చేతి బలమా, బుద్ధి బలమా? అమెరికా ఫుట్‌బాల్‌లో ఒక ఎంపిక సమస్య

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫుట్‌బాల్ అనబడు ఆట మన పాఠశాల మైదానములలో ఆడెడు ఫుట్‌బాల్ కాదు. పేరులో పాదమున్నది గాని, బంతి చాలవరకు చేతులలోనే ఉండును. ఆ బంతియు గుండ్రనిది కాదు. రెండు కొనలును సన్నగిల్లి, బాదముకాయవలె ఉండి, సుమారు 11 అంగుళముల పొడవు కలిగి, పౌనుకు కొంచెము తక్కువ తూగును. జట్టునకు 11 మంది ఆడుదురు. బంతి ఏ జట్టు వశమున ఉన్నదో ఆ జట్టునకు నాలుగు ప్రయత్నములు ఇయ్యబడును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగలేనిచో బంతి ఎదుటివారిదగును. ఇట్లు అంగలు వేయుచు మైదానపు చివరి గీతను దాటుటయే ఆట లక్ష్యము.

ఈ పదునొకండుగురిలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు ఒకడు. దాదాపు ప్రతి ప్రయత్నమునందును బంతి మొదట ఇతని చేతికే వచ్చును. దానిని పక్కనున్నవానికి అందించుటయా, తానే పరుగెత్తుటయా, దూరమున పరుగిడుచున్న సహచరునికి విసరుటయా అనునది ఇతడే నిర్ణయింపవలెను. ఈ ఆలోచన సాగుచుండగా ఎదుటి జట్టులోని మహాకాయులు నలుగురైదుగురు ఇతనిని నేలకూల్చుటకై దూసుకొని వచ్చుచుందురు. బంతి చేతికందినది మొదలు విసరువరకు ఇతనికి దొరకు వ్యవధి సగటున రెండున్నర సెకనులు, లేదా కొంచెము ఎక్కువ. ఈ వాక్యమును చదువుటకు పట్టు కాలము కూడ అంతకంటె తక్కువేమి కాదు.

ఇట్టివానిని ముందుగా గుర్తించుట ఎట్లు? కళాశాలలలో ఆడు యువకులను వృత్తి జట్లు ఏటేట వంతులవారీగా ఎంచుకొనును. దీనినే డ్రాఫ్ట్ అందురు. నేషనల్ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లున్నవి. గత సంవత్సరము అందరికంటె వెనుకబడిన జట్టుది మొదటి వంతు, గెలిచిన జట్టుది చివరి వంతు. ఇట్లు ఏడు ఆవృత్తులు జరుగును. మొట్టమొదటి డ్రాఫ్ట్ 1936 లో జరిగినది. అందు మొదటివాడుగా ఎన్నికైన జే బెర్వాంగర్ వృత్తి క్రీడలో ఒక్క ఆటయైనను ఆడలేదు! అతడు వేరు జీవనము చూచుకొనెను. ఈ ఎంపికయందలి అనిశ్చితికి అది శుభారంభమని చెప్పవచ్చును.

మిగిలిన స్థానములలో ఒకరు తప్పిన మరియొకరు సర్దుకొందురు. క్వార్టర్‌బ్యాక్ స్థానము అట్టిది కాదు. మైదానములో ఒక్కడే ఉండును. వాని ఎంపిక తప్పినచో జట్టు నాలుగైదేండ్లు వెనుకబడును, శిక్షకుల ఉద్యోగములు పోవును. అందుచేత జట్లు కొలవగలిగిన వానినెల్ల కొలుచుచున్నవి.

కొలతల సంత

1987 నుండి ప్రతి సంవత్సరము శీతకాలాంతమున ఇండియానాపొలిస్ నగరమునకు కొన్ని వందల యువకులను రప్పించి పరీక్షింతురు. ఎత్తు, బరువు, చేతి పొడవు కొలుతురు. బొటనవ్రేలి కొననుండి చిటికెనవ్రేలి కొనవరకు అరచేతిని చాపించి కొలుతురు. 40 గజముల పరుగును సెకనులో నూరవ వంతువరకు లెక్కింతురు. నిలుచున్నచోటనుండి ఎంత ఎత్తు ఎగురగలడో, ఎంత దూరము దూకగలడో చూతురు. సంతలో ఎద్దు పళ్లు చూచి, మూపురము తడిమి, నాలుగడుగులు నడిపించి బేరమాడు రైతునకు ఈ తంతు క్రొత్తగా తోచదు.

ఈ కొలతలు ఎంతవరకు పనికివచ్చును? 2000 సంవత్సరమున టామ్ బ్రేడీ అను యువకుడు 40 గజములను 5.28 సెకనులలో పరుగెత్తెను. క్వార్టర్‌బ్యాకులలో కూడ అది మందగతియే. ఆ యేడు డ్రాఫ్ట్‌లో ఆరుగురు క్వార్టర్‌బ్యాకులను ఇతరులు ఎంచుకొనిన తరువాత, ఆరవ ఆవృత్తిలో, 199 వ వాడుగా న్యూ ఇంగ్లండ్ జట్టు అతనిని తీసుకొనెను. అతడు 2023 లో విరమించునాటికి ఏడు సూపర్ బౌల్ విజయములు సాధించెను. ఇన్ని సాధించిన ఆటగాడు మరియొకడు లేడు.

ఈ ఒక్క ఉదాహరణను పట్టుకొని దేహబలముతో పనిలేదని తీర్మానించుట తొందరపాటు. ఒక చిన్న లెక్క చేసి చూచుట మేలు. తరగతిలో నల్లబల్లమీద విద్యార్థులచేతనే చేయింపవచ్చును. ఒక సహచరుడు 20 గజముల దూరమున, అనగా 60 అడుగుల దూరమున ఉన్నాడనుకొందము. క్రికెట్ పిచ్ పొడవు 22 గజములు గనుక ఈ దూరము మన విద్యార్థులు కన్నులతో ఎరిగినదే. బలమైన చేయి గలవాడు బంతిని గంటకు 60 మైళ్ల వేగముతో విసరును. అనగా సెకనుకు 88 అడుగులు. మధ్యరకపువాడు గంటకు 50 మైళ్ల వేగముతో, అనగా సెకనుకు సుమారు 73 అడుగుల వేగముతో విసరును. గాలి నిరోధమును విడిచిపెట్టినచో, మొదటివాని బంతి 0.68 సెకనులో చేరును, రెండవవానిది 0.82 సెకనులో చేరును. భేదము 0.14 సెకను. బంతిని అడ్డగింపవచ్చు రక్షకుడు సెకనుకు 24 అడుగులు పరుగెత్తునేని, ఆ భేదములో వాడు మూడడుగుల పైచిలుకు, అనగా ఒక గజము, దగ్గరకు వచ్చును. బంతిని తాకుటకు ఒక గజము చాలును. కనుక బలమైన చేయి విలువలేనిది కాదు. అది ఒక గజము విలువ చేయును.

ఇప్పుడు లెక్కను రెండవ వైపునుండి చేయవలెను. ఎవనికి విసరవలెనో తేల్చుకొనుటలో ఒకడు సెకనులో మూడవ వంతు ఆలస్యము చేసెననుకొందము. ఆ వ్యవధిలో అదే రక్షకుడు ఎనిమిది అడుగులు వచ్చును. గంటకు పది మైళ్ల అదనపు వేగము సంపాదించి ఇచ్చిన దానికి రెండింతలకంటె ఎక్కువగా ఒక్క సంశయము పోగొట్టినది! చేతి బలము సంశయమునకు కొంత పరిహారము చెల్లింపగలదు గాని మొత్తము అప్పు తీర్పలేదు.

సంశయము ఎచటనుండి పుట్టును?

దీపము వెలిగిన వెంటనే మీట నొక్కుమని చెప్పినచో ఆరోగ్యవంతుడగు యువకునికి సుమారు సెకనులో అయిదవ వంతు పట్టును. ఒక్క దీపమునకు బదులు అనేక దీపములుంచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట నేర్పరచినచో కాలము పెరుగును. ఎంత పెరుగును? ఆంగ్ల మనోవిజ్ఞాని హిక్ 1952 లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానమిచ్చెను. దీపముల సంఖ్య రెట్టింపైన ప్రతిసారియు కాలము దాదాపు ఒకే మొత్తము పెరుగును. రెండునుండి నాలుగునకు ఎంత పెరుగునో, నాలుగునుండి ఎనిమిదికిని అంతే. దీనిని తలక్రిందులు చేసినచో క్వార్టర్‌బ్యాక్ రహస్యము బయటపడును. ముందుగానే అవకాశములను సగమునకు తగ్గించుకొనగలిగినవానికి ఆ మేరకు కాలము మిగులును.

మంచి క్వార్టర్‌బ్యాక్ చేయునది ఇదియే. బంతి చేతికి రాకముందే ఎదుటి జట్టు నిలిచిన తీరును చూచును. అందరికంటె వెనుక కాపు కాయువారు ఒక్కరా, ఇద్దరా? ఒక్కడే మధ్యలో నిలిచినచో కొన్ని ఎత్తులు సాధ్యము, మరికొన్ని కావు. ఇద్దరు చెరియొక వైపున నిలిచినచో లెక్క మారును. బంతి కదలిన క్షణమున వారిలో ఒకడు ముందుకు ఉరికినచో ఇంతకుముందు చూచినది వేషమని తేలును. వేషము చూపి మోసగించుట రక్షకుల విద్య. వేషమును చీల్చి చూచుట ఇతని విద్య. 1994 నుండి శిక్షకుడు రేడియో ద్వారా ఇతని శిరస్త్రాణములో మాటలాడుటకు అనుమతి కలదు. ఐనను ఆట మొదలుపెట్టుటకు ఇంకను 15 సెకనులు ఉన్నవనగా ఆ రేడియో ఆగిపోవును. తరువాత చూడవలసినది ఇతని కన్నులే.

ఈ చూపు ఎట్టిదో చదరంగపు పరిశోధనలు చక్కగా తెలిపినవి. హాలండు దేశీయుడగు డి గ్రూట్ మొదలుపెట్టిన పనిని 1973 లో అమెరికాలో చేజ్, సైమన్ అను ఇరువురు కొనసాగించిరి. నిజమైన ఆటనుండి తీసిన పావుల అమరికను అయిదు సెకనులు చూపి, తరువాత జ్ఞాపకముతో దానిని మరల అమర్చుమనిరి. ఆరితేరిన ఆటగాడు చాల పావులను సరిగా అమర్చెను. క్రొత్తవాడు నాలుగైదింటిని మాత్రమే అమర్పగలిగెను. అవే పావులను అర్థములేకుండ ఎటుపడిన అటు చల్లి చూపినపుడు ప్రవీణుని ఆధిక్యము దాదాపు మాయమైపోయెను! అనగా అతనికి గొప్ప జ్ఞాపకశక్తి లేదు, చదరంగపు జ్ఞాపకశక్తి కలదు. మనము అక్షరములను కూడబలుకక మాటను ఒక్కసారిగా చదివినట్లు, అతడు పావులను గుంపులుగా చదువును.

పండ్రెండు నిమిషముల పరీక్ష

పై సంగతి మనసున నుంచుకొని ఒక ప్రసిద్ధ పరీక్షను చూడవలెను. వాండర్లిక్ పరీక్ష అనునది 50 ప్రశ్నల పత్రము. కాలవ్యవధి 12 నిమిషములు. చిన్న లెక్కలు, పదముల అర్థములు, ఆకారముల పోలికలు అందుండును. ఉద్యోగార్థులను వడగట్టుటకై పుట్టిన ఈ పత్రమును 1970 తరువాతి దశకములో డల్లాస్ శిక్షకుడు టామ్ లాండ్రీ ఫుట్‌బాల్ ఎంపికలలోనికి తెచ్చెను. తరువాత అది అందరికిని ఆచారమయ్యెను. క్వార్టర్‌బ్యాకుల మార్కులు రహస్యమని చెప్పుచునే ప్రతియేడు పత్రికలకు పొక్కించుచుండిరి.

డాన్ మెరీనో అను యువకునికి పదునైదు, పదునారు మార్కులకు మించి రాలేదని పత్రికలలో వచ్చినది. సామాన్యుల సగటే ఇరువది ప్రాంతమున నుండును. 1983 డ్రాఫ్ట్‌లో 27 వ వాడుగా మయామీ చేరిన ఆ మెరీనో మరుసటి యేడే 5,084 గజములు బంతిని విసరి, ఒక్క సంవత్సరములో అయిదువేలు దాటిన తొలివాడాయెను. బంతి పథకములను క్షణములో చదివి, చేయి కదలినదో లేదో తెలియనంత వడిగా విసరుటలో అతడు ప్రసిద్ధుడు. రైలు లెక్కలు చేయలేకపోవుట అందులకు అడ్డురాలేదు. ఈ పరీక్షను లీగు 2022 లో మానివేసెను.

ఈ పరీక్షకు మైదానము వెలుపల కూడ ఒక చరిత్ర కలదు. నార్త్ కెరొలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ తన కర్మాగారములో మంచి ఉద్యోగములకు ఈ పత్రమునే గీటురాయిగా పెట్టగా, నల్లజాతి కార్మికులు న్యాయస్థానమున కెక్కిరి. 1971 లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పిచ్చినది. ఒక వర్గమును బయటికి నెట్టు పరీక్ష చేయవలసిన పనికి సంబంధించినదై ఉండవలెనని ఆ తీర్పు సారాంశము. బుద్ధిని కొలుచుట వేరు, ఈ పనికి కావలసిన బుద్ధిని కొలుచుట వేరు అను సంగతిని మనోవిజ్ఞానులకంటె న్యాయమూర్తులే స్పష్టముగా చెప్పిరని తోచును.

తెలివి కొలతలో పడిన వక్రత

కొలత లేనిచోట అభిప్రాయము వచ్చి కూర్చుండును. 1955 లో పిట్స్‌బర్గ్ జట్టు జానీ యునైటస్‌ను తొమ్మిదవ ఆవృత్తిలో తీసుకొని, ఒక్క ఆటలోను దింపక పంపివేసెను. జట్టును నడుపుటకు తగిన తెలివి ఇతనికి లేదని శిక్షకుడు భావించెనని ప్రసిద్ధి. యునైటస్ కట్టడపు పనులు చేసికొనుచు, ఆటకు ఆరు డాలర్ల కూలికి చిన్న జట్టులో ఆడి, 1956 లో బాల్టిమోర్ చేరెను. ఆ కాలమున రేడియో లేదు. ఏ ఎత్తు వేయవలెనో క్వార్టర్‌బ్యాకే మైదానములో నిర్ణయించుచుండెను. తెలివి చాలదన్న ఆ మనిషియే ఎత్తులు వేయుటలో ఆ తరమున అగ్రగణ్యుడై, 1958, 1959 సంవత్సరములలో జట్టునకు పట్టము కట్టెను. వరుసగా 47 ఆటలలో గోలు గీత దాటించు విసురు విసరిన అతని రికార్డు 2012 వరకు నిలిచెను.

యునైటస్ విషయమున జరిగినది ఒక మనిషి పొరపాటు. నల్లజాతి యువకుల విషయమున అది ఆచారమే ఆయెను. కళాశాలలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన నల్లవానిని వృత్తి జట్లు పరుగెత్తు స్థానమునకో, బంతి పట్టు స్థానమునకో మార్చుచుండిరి. కాళ్లు వానివి, ఆలోచన మరియొకనిది అను భావన. వారెన్ మూన్ 1978 జనవరిలో తన విశ్వవిద్యాలయమును రోజ్ బౌల్ పోటీలో గెలిపించెను. ఐనను ఆ యేటి డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టును అతనిని ఎంచుకొనలేదు. స్థానము మార్చుకొనుటకు ఇష్టపడక అతడు కెనడాకు పోయి, ఎడ్మంటన్ జట్టులో వరుసగా అయిదు సంవత్సరములు ఛాంపియన్‌షిప్ గెలిచి, 1984 లో హ్యూస్టన్ జట్టుద్వారా స్వదేశమునకు తిరిగివచ్చెను. 2006 లో అమెరికా ఫుట్‌బాల్ కీర్తిమందిరమున స్థానము పొందిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఇతడే. డగ్ విలియమ్స్ 1988 జనవరిలో సూపర్ బౌల్ గెలిచిన తరువాత కూడ ఈ భావన పూర్తిగా పోలేదు. 2018 లో లమార్ జాక్సన్‌కు బంతి పట్టు స్థానమునకు మారుమని సలహా చెప్పినవారున్నారు. అతడు మొదటి ఆవృత్తిలో కడపటివాడుగా, 32 వ స్థానమున, ఎన్నికయ్యెను. 2019 లో అందరి ఓట్లును పొంది లీగులో అత్యుత్తమ ఆటగాడాయెను.

ఈ ఆటగాళ్లు కోల్పోయిన సంవత్సరములను ఏ గణాంకములును చూపవు. ఆడనివ్వనివాని ఆట లెక్కకు రాదు గదా.

లెక్కలు చెప్పునది, చెప్పనిది

బెర్రీ, సిమ్మన్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2011 లో ప్రకటించిన పరిశోధనలో ఎత్తు, పరుగు వేగము, వాండర్లిక్ మార్కులు మొదలగునవి డ్రాఫ్ట్‌లో ఎంత ముందు ఎన్నికగునో నిర్ణయించుటకు తోడ్పడినవి గాని, తరువాతి ఆటను ముందుగా చెప్పుటకు అంతగా పనికిరాలేదని తేల్చిరి. మాసీ, థేలర్ అనువారు మొదటి వంతులకు జట్లు ఇచ్చు విలువ మితిమీరినదని 2013 లో చూపిరి. థేలర్‌కు 2017 లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

ఐతే ఇందు ఒక మెలిక కలదు. ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు తప్పక చెప్పవలెను. ఒక కళాశాల ప్రవేశపరీక్షలో 90 కి పైగా మార్కులు వచ్చినవారినే చేర్చుకొన్నదనుకొందము. చేరినవారిలో 91 వచ్చినవాడు 96 వచ్చినవానికంటె బాగుగ చదువవచ్చును. దానినిబట్టి ప్రవేశపరీక్ష వ్యర్థమనరాదు. 30 వచ్చినవారు అక్కడ లేనేలేరు! జల్లెడ పట్టిన తరువాత మిగిలిన గింజల పరిమాణములో భేదము స్వల్పము. డ్రాఫ్ట్ వరకు వచ్చినవారందరును చిన్ననాటినుండి అనేక జల్లెడలలో నిలిచినవారే. కావున వారిలో చేతి బలమునకును విజయమునకును సంబంధము కనబడకపోవుట చేతి బలము అక్కరలేదనుటకు నిదర్శనము కాదు. అట్లే, ఆలస్యముగా ఎన్నికైనవారిలో మైదానమునకు దిగినవారినే పరిశోధకులు లెక్కింపగలిగిరి. దిగనివారు ఎట్లు ఆడియుండెడివారో లెక్కకు అందదు.

దేహము ఒక గడపవంటిది అని చెప్పుట సత్యమునకు దగ్గరగా ఉండును. గడప దాటినవానికి ఇంకొక అంగుళము ఎత్తు వలన ఒరుగునది కొద్ది. ఐనను ఆ గడప ఎంత ఎత్తున ఉన్నదో సరిగా ఎరిగినవారు లేరు. ఆరడుగుల డ్రూ బ్రీస్ పొట్టివాడని 2001 లో రెండవ ఆవృత్తివరకు ఆగవలసివచ్చెను. యునైటస్ యొక్క 47 ఆటల రికార్డును 2012 లో దాటినవాడు అతడే. ఆరడుగులకు కూడ తక్కువైన రసెల్ విల్సన్ 2012 లో 75 వ స్థానమున ఎన్నికై, రెండవ యేటనే సియాటిల్ జట్టునకు సూపర్ బౌల్ గెలిచి ఇచ్చెను. మరియొక వైపున, 2007 లో మొదటివాడుగా ఎన్నికైన జమార్కస్ రసెల్ చేతి బలము అద్భుతమని అందరును మెచ్చిరి. మూడేండ్లలో ఓక్లండ్ జట్టు అతనిని వదలివేసెను.

1998 లోని జంట ఉదాహరణ ఇంకను చిక్కైనది. పేటన్ మానింగ్, రయన్ లీఫ్ ఇరువురును మొదటి రెండు స్థానములలో ఎన్నికైరి. ఎవరు మేలని ఆనాడు పెద్ద చర్చ జరిగినది. లీఫ్ చేయి మరింత బలమైనదని అనేకులు తలచిరి. మానింగ్ అయిదుసార్లు అత్యుత్తమ ఆటగాడై రెండు సూపర్ బౌల్‌లు గెలిచెను. లీఫ్ మొదటినుండి ఆడిన 21 ఆటలలో నాలుగు మాత్రమే గెలిచి తెరమరుగయ్యెను. ఓటమిని ఓర్చుకొనుట, విమర్శకు చలింపకుండుట, రాత్రివేళ ఎదుటి జట్టు చలనచిత్రములను విసుగులేక చూచుట అనునవి కూడ మానసిక శక్తులే. వీనికి 12 నిమిషముల పత్రము లేదు. కళాశాలలో ఎల్లప్పుడు గెలుచుచుండినవాడు ఓటమిలో ఎట్లుండునో ఓడిననాడుగాని తెలియదు.

ఇక పెరుగుదల అను మరొక సమస్య. జాష్ ఆలెన్ కళాశాలలో విసరిన బంతులలో నూటికి 56 మాత్రమే సహచరుల చేతికి చేరినవి. చేయి బలమేగాని గురి లేదని, గురి నేర్పిన వచ్చునది కాదని పలువురు అనిరి. 2018 లో బఫలో జట్టు అతనిని ఏడవవాడుగా తీసుకొని ఓపికతో నేర్పెను. 2024 సంవత్సరపు ఆటలకు అత్యుత్తముడుగా ఎన్నికైనవాడు అతడే. దేహశక్తిని పుట్టుకకును, బుద్ధినైపుణ్యమును శిక్షణకును వదలిపెట్టు వాదము ఇచట నిలువలేదు.

ఇప్పుడు వాండర్లిక్ స్థానమున కంప్యూటరు తెరపై క్షణక్షణము మారు ఆకారములను చూపి, సెకనులో వేయవ వంతులలో ప్రతిచర్యను కొలుచు పరీక్షలు వచ్చినవి. ఇవి చూపునకు, నిర్ణయమునకు కొంత దగ్గరివి. 2023 లో సి. జె. స్ట్రౌడ్‌కు అట్టి పరీక్షలో మార్కులు తక్కువగా వచ్చినవని వార్త పొక్కెను. ఆ సంవత్సరమే అతడు దాడి జట్ల క్రొత్త ఆటగాళ్లలో ఉత్తముడుగా ఎన్నికయ్యెను. ఒక్క ఉదాహరణతో పరీక్షను కొట్టివేయరాదు. కాని జట్లు ఇంకను పాత పద్ధతిని విడువలేదు. యువకుని గదిలో కూర్చుండబెట్టి, అతడు ఆడిన ఆట చిత్రమునే చూపి, ఇచట ఏమి చూచితివి, అచటికి ఎందుకు విసరితివి అని అడుగుదురు. ఒక క్రొత్త ఎత్తును నేర్పి, వేరు విషయములు కొంతసేపు మాటలాడి, తిరిగి బల్లమీద వ్రాయుమందురు. చదరంగపు పావుల పరీక్షకు ఇది దగ్గరి చుట్టము.

ఇన్ని చేసినను ఫలితము ఎట్లుండునో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు అనుభవము తెలుపును. 2021 లో ఆ జట్టు తన మొదటి ఆవృత్తి వంతులు మూడింటిని మయామీకి ధారపోసి, మూడవ స్థానమునకు ఎగబ్రాకి, ట్రే లాన్స్ అను దృఢకాయుని ఎంచుకొనెను. బలమైన చేయి, చురుకైన కాళ్లు కలవాడు. కాని కళాశాలలో పూర్తిగా ఆడినది ఒక్క సంవత్సరమే. 2022 లో అతని చీలమండ విరిగెను. 2023 లో జట్టు అతనిని నాలుగవ ఆవృత్తి వంతు ఒక్కదానికి డల్లాస్‌కు ఇచ్చివేసెను. అదే జట్టు, అదే పరిశీలకులు, 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటె చివర, 262 వ వాడుగా, బ్రాక్ పర్డీ అను యువకుని తీసుకొనిరి. కళాశాలలో నాలుగేండ్లు ఆడిన అనుభవము అతనిది. 2024 ఫిబ్రవరిలో ఆ జట్టును సూపర్ బౌల్ వరకు నడిపినవాడు పర్డీ. అదనపు సమయము వరకు సాగిన ఆ పోటీలో 25–22 తో గెలిచినది కాన్సాస్ సిటీ. దాని క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను 2017 లో తొమ్మిది వంతులు దాటిపోయిన తరువాత, పదవవాడుగా ఎంచుకొనిరి.